కబురు మోసే తీగె

పట్టుచీర కొనబోయినప్పుడు మనం ముందుగా చూసేది అంచు. రంగు తరవాత, నేత తరవాత. ధర అన్నిటికన్నా తరవాత. (ఈ చివరిమాట ఇంటాయన చెవిన వేయకండి.) అంచు చూడగానే నోటికొచ్చే ప్రశ్న కూడా ఒక్కటే: "జరీ అసలుదేనా?" మా బత్తలపల్లె ధర్మవరానికి దగ్గర. అందుచేత ఈ ప్రశ్న మా వైపు ఆడవాళ్ళకు ఉగ్గుపాలతోనే అబ్బుతుంది. అయితే ఆ జరీ పోగును గోటితో విప్పి, లోపల ఏముందో చూసినవాళ్ళు మాత్రం తక్కువే.

విప్పి చూస్తే తెలుస్తుంది. లోపల బంగారమూ ఉండదు, వెండీ ఉండదు. ఉన్నది పట్టుదారం. వెండిని సన్నని తీగెగా సాగదీసి, ఆ తీగెను రోలర్ల మధ్య నలిపి రేకులా చేసి, ఆ రేకును దారం చుట్టూ చుడతారు. పైన బంగారు పూత. అంటే బలం పట్టుది, ఒళ్ళు వెండిది, మెరుపు బంగారానిది. ఈ పనికి మన దేశంలో సూరత్ పెట్టింది పేరు. అంచు మొత్తం బంగారు తీగెతోనే నేస్తే చీర కట్టుకోవడం మాట అటుంచి, బీరువాలోంచి తీయడానికే ఇంకో మనిషి సాయం కావాలి.

ఏ లోహం ఎక్కడ అవసరమో అక్కడే పెట్టి, మిగిలిన చోటంతా తేలికైనదానితో సరిపెట్టడం - ఇదీ జరీలోని ఉపాయం. ఇది చీర దగ్గరే ఆగిపోలేదు సుమా! పాత నల్లటి టెలిఫోను గుర్తుందా? రిసీవరుకూ పెట్టెకూ మధ్య వేలాడే తాడు రోజుకు ఎన్నిసార్లు మెలిపడేదో లెక్కలేదు. అందులో మామూలు రాగితీగె వేస్తే నాలుగునాళ్ళకే తెగి ఊరుకుంటుంది. అందుకని దారం మీద పల్చని రాగిరేకు చుట్టి, అలాంటి పోగులు కొన్ని కలిపి ఆ తాడు చేశారు. దాన్ని టిన్సెల్ తీగె అంటారు. టిన్సెల్ అంటే మరేం కాదు, తళుకు. మన జరీకి దగ్గరి చుట్టమే. పెళ్ళి కుదిరిందన్న కబురు ఎన్ని ఇళ్ళకు ఈ జరీపోగు మీద నడిచి వచ్చిందో!

ఇంతకీ నేను చెప్పదలచినది చీరల సంగతి కాదు, టెలిఫోను సంగతీ కాదు. కబురు మోసే తీగె ఎలా ఉండాలి అన్న ప్రశ్న ఒకటుంది. దానికి నూరూ నూటయాభై ఏళ్ళు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఒక మలుపు మన పొరుగున ఉన్న బంగారు గనుల్లోంచి పోతుంది. అది చెప్పాలని.

1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున మొదటిసారి టెలిగ్రాఫు తీగె పరిచారు. రాగితీగె మీద గట్టాపర్చా అనే చెట్టుపాల బంక పూసి, దానిపైన ఇనుపతీగెల కవచం తొడిగారు. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడికి పంపిన శుభాకాంక్షలు 98 మాటలు. అవి చేరడానికి దాదాపు 16 గంటలు పట్టింది! మూడు వారాలు గడిచాయో లేదో, తీగె మూగబోయింది. కబురు అంత నెమ్మదిగా నడవడానికి కారణమైన జబ్బు ఏమిటంటే, అంత పొడవు తీగె నీళ్ళలో ఉన్నప్పుడు విద్యుత్తును పట్టి ఉంచుకుంటుంది. ఈ కొసన గట్టిగా తట్టిన ఒక్కొక్క తట్టూ ఆ కొస చేరేసరికి సాగిపోయి, తరవాతి తట్టులో కలిసిపోతుంది. గబగబా మంత్రాలు చదివే పురోహితుడి మాటల్లాగా ఎక్కడ ఒకటి ముగిసిందో, ఎక్కడ ఇంకొకటి మొదలైందో తెలియదు. విలియమ్ థామ్సన్ అనే శాస్త్రవేత్త, తరువాత లార్డ్ కెల్విన్ అయినాయన, ఈ సంగతి ముందే లెక్కగట్టి చెప్పాడు. మందు కూడా చెప్పాడు: రాగి మందం పెంచండి, పైపూత మందం పెంచండి. 1866లో అలా లావుగా, బరువుగా చేసిన తీగె నిలిచింది, పలికింది.

సముద్రం అడుగున బరువు ఎంతైతే ఎవరిక్కావాలి? కానీ బరువు అసలే పనికిరాని చోట కబురు మోయాల్సి వస్తే?

ఇప్పుడు మన వైపు వద్దాం. రాయలసీమ అనగానే కరువు అంటారు గానీ, ఈ ఎర్రనేల కింద బంగారం కూడా ఉంది. ధర్మవరానికి దక్షిణాన రామగిరిలో బంగారు గనులు నడిచాయి, మూతపడ్డాయి. ఇంకా దక్షిణాన, కర్ణాటకలోని కోలారు గనుల పేరు తెలియనివారెవరు? 1880లో జాన్ టేలర్ కంపెనీ అక్కడ అడుగుపెట్టింది. 1902లో శివసముద్రం జలపాతం నుంచి 90 మైళ్ళకు పైగా తీగెలు లాగి ఆ గనులకు కరెంటు తెచ్చారు. దేశంలో చాలా ఊళ్ళు దీపం వత్తి సరిచేసుకుంటున్న రోజుల్లో! గనిలోకి దిగి చెమటోడ్చినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. కోలారు సీమలో ఇప్పటికీ తెలుగు ఇంటిభాష అయిన కుటుంబాలు ఎన్నో.

1950ల మొదట్లో ఆ గనుల్లోకి కొత్తరకం మనుషులు దిగారు. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థవారు. హోమీ భాభా పంపగా వచ్చిన బి. వి. శ్రీకంఠన్ వారిలో ముందువాడు. వారికి బంగారం అక్కర్లేదు. పైనున్న రాయి కావాలి! ఆకాశం నుంచి విశ్వకిరణాలు అనే సూక్ష్మకణాలు ఎడతెగకుండా మన మీద కురుస్తూనే ఉంటాయి. మా అనంతపురం మీద వాన కురవకపోయినా అవి మాత్రం కురవక మానవు. భూమిలోకి దిగేకొద్దీ రాయి వాటిని వడగట్టేస్తుంది. 2,760 మీటర్ల లోతున పరికరం పెట్టి సుమారు రెండు నెలలు కాచుకుంటే ఒక్క కణం కూడా రాలేదు. మామూలు మనిషైతే నిరాశపడేవాడు. వారు సంతోషించారు! ఇంత నిశ్శబ్దమైన చోటు దొరికితే, రాళ్ళను లెక్కచెయ్యకుండా దూసుకుపోయే న్యూట్రినో అనే అతి పిరికి కణం అడుగుల చప్పుడు వినవచ్చు కదా అని.

అలాగే జరిగింది. 1965లో సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ కనిపెట్టారు. ఎం. జి. కె. మీనన్, శ్రీకంఠన్, పి. వి. రమణమూర్తి, వి. ఎస్. నరసింహం మొదలైనవారూ, జపాన్ నుంచి ఒసాకా నగర విశ్వవిద్యాలయం వారూ, ఇంగ్లండు నుంచి డర్హమ్ వారూ కలిసి చేసిన పని అది. దక్షిణాఫ్రికాలోని ఇంకో బంగారు గనిలో అమెరికన్ శాస్త్రవేత్త రైనిస్ బృందం కూడా అదే ఏడు అదే పని సాధించింది. వ్యాసం ముందుగా అచ్చయినది మాత్రం కోలారు వారిదే.

ఈ కథలో మనం మరిచిపోకూడని ఒక స్త్రీ ఉంది. బిభా చౌధురి. 1913లో పుట్టింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో డి. ఎం. బోస్‌తో కలిసి హిమాలయాల మీద ఫొటోగ్రాఫిక్ ప్లేట్లు పెట్టి విశ్వకిరణాల జాడలు చదివింది. టాటా సంస్థలో చేరిన మొదటి మహిళా శాస్త్రవేత్త ఆమే. తరవాతి కాలంలో కోలారు గని పరిశోధనల్లోనూ పాలుపంచుకుంది. 1991లో కన్నుమూసింది. బతికున్నన్నాళ్ళూ చెప్పుకోదగ్గ బిరుదు ఒక్కటీ రాలేదు. 2019లో ఒక నక్షత్రానికి ఆమె పేరు పెట్టారు. మన దేశంలో ఆడవాళ్ళకు గుర్తింపు రావాలంటే ఆకాశం దాకా వెళ్ళాలి కాబోలు!

సరే, తీగెల మాటకొద్దాం. కోలారు గనిలో బరువంటే ఎవరికీ భయం లేదు. పైగా బరువే కావాలి. న్యూట్రినో దేనికైనా తగలాలంటే దాని ముందు కొండంత పదార్థం పెట్టాలి. 1980లో అక్కడే ఇంకో పరీక్ష మొదలుపెట్టారు: ప్రోటాను ఎప్పటికైనా చచ్చిపోతుందా అని. దానికి కట్టిన పరికరం సుమారు 140 టన్నులు. ఇనుప గొట్టాలు పేర్చి, ఒక్కో గొట్టం నడిమధ్యన ఒక్కో సన్నతీగె బిగించారు. కణం గొట్టంలోంచి పోతే లోపలి వాయువులో విద్యుత్తు చిట్లి, ఆ తీగె "ఇదిగో పోయింది" అని కబురు చెబుతుంది.

ఈ తీగెల విద్యను మగ్గం దాకా తీసుకెళ్ళినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త జార్జి షార్పాక్. జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధనశాలలో 1968లో ఆయన వేసిన పడుగు చూస్తే మన నేతవాళ్ళు మెచ్చుకుంటారు. జుట్టుకన్నా సన్నని తీగెలు కొద్ది మిల్లీమీటర్ల ఎడంతో వరసగా బిగించి, ఏ పోగు పలికితే కణం అక్కడినుంచి పోయిందని తెలుసుకోవడం. ఇలాంటి పరికరాల్లో టంగ్‌స్టన్ తీగెకు బంగారు పూత పూసి వాడతారు. బలం ఒక లోహానిది, ఒంటిమీది మెరుపు ఇంకో లోహానిది. మళ్ళీ జరీయే! 1992లో షార్పాక్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

అసలు చిక్కు అక్కడి నుంచే మొదలైంది. సెర్న్‌లో 27 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న వలయంలో ప్రోటాన్ల గుంపులను ఎదురెదురుగా తిప్పి ఢీకొట్టిస్తారు. గుంపులు ఎదురుపడేది సెకనుకు 4 కోట్ల సార్లు. ఢీకొన్న చోటు చుట్టూ ఉల్లిపొరల్లాగా పరికరాలు. అన్నిటికన్నా లోపలి పొరలు పల్చని సిలికాన్ రేకులు. ఆలిస్ అనే పరికరంలో 2021లో పెట్టిన లోపలి పొరల్లో 1,250 కోట్ల గళ్ళున్నాయి. ఒక్కో గడీ "నాకు తగిలింది, నాకు తగల్లేదు" అని చెబుతుంది. ఇన్ని గళ్ళ కబుర్లు బయటికి రావాలి. కొన్ని తీగెలైతే సెకనుకు 100 కోట్ల బిట్ల వేగంతో మోయాలి. అంటే తీగెలు కావాలి. చాలా కావాలి. కానీ ఆ తీగెలు ఉండకూడదు!

అదేం మాట అంటారా? ఎక్స్‌రే గది గుర్తు తెచ్చుకోండి. మా బత్తలపల్లెలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వారి ఆసుపత్రి ఉంది. అక్కడే కాదు, ఏ ఊరి ఆసుపత్రిలోనైనా ఎదురొమ్ము ఎక్స్‌రేకి పోతే ముందు అనేమాట "గొలుసు తీసెయ్యమ్మా". సూత్రాల గొలుసు తీయమంటే కొందరు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు కూడా. కానీ తీయకపోతే ఫిలిమ్ మీద పక్కటెముకకు బదులు గొలుసు పడుతుంది. కిరణం చర్మంలోంచి పోతుంది, బంగారంలోంచి పోలేదు. సూక్ష్మకణాలకూ ఇంచుమించు ఇంతే. ఏ పదార్థం ఎంత అడ్డం పడుతుందో చెప్పడానికి వారికొక కొలత ఉంది: వడిగా వచ్చే ఎలక్ట్రాను తన శక్తిలో మూడింట రెండువంతుల దాకా పోగొట్టుకునే మందం. బంగారానికి అది 3 మిల్లీమీటర్ల పైచిలుకు. వెండికి 8న్నర. రాగికి 14. అల్యూమినియానికి 89! మన నగలపెట్టెలో దేనికి ఎంత గౌరవమో, ఇక్కడ దానికి అంత అగౌరవం.

రాగితీగెలు లోపల కుక్కితే ఏమవుతుంది? సూటిగా పోవలసిన కణం తీగెకు తగిలి దారి మళ్ళుతుంది. సిలికాన్ గళ్ళు తప్పుడు గీత గీస్తాయి. కాంతికణం తీగెలో పడి రెండు కొత్త కణాలుగా విడిపోతుంది. లేని బిడ్డకు పేరు పెట్టినట్టు, లేని సంఘటన ఉన్నట్టు లెక్కకొస్తుంది. కబురు తెచ్చిపెట్టేవాడే కబురు చెడగొట్టడమంటే ఇదే.

అందుకని శాస్త్రవేత్తలు నగలపెట్టె మూసి వంటింట్లోకి వచ్చారు. అల్యూమినియం! దానికి రాగి అంత పారుదల లేదు. అంతే కరెంటు అంతే సులువుగా పోవాలంటే తీగె 1.6 రెట్లు లావుండాలి. అయినా అడ్డు ఆరోవంతే కనుక, లెక్క తేల్చి చూస్తే రాగి పెట్టే అడ్డులో నాలుగోవంతు మిగులుతుంది. రాగి, అల్యూమినియాల తేడా మా వైపు రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. బోరు మోటారుకు రాగి కేబులు వేస్తే రాత్రికి రాత్రే ఎవరో కోసుకుపోయి, కాల్చి, రాగి అమ్ముకుంటారు. పైన స్తంభాల మీది అల్యూమినియం తీగెకు అంత గిరాకీ లేదు.

అల్యూమినియానికి ఒక మొండిగుణం ఉంది. గాలి తగలగానే దానిమీద పల్చని తుప్పుపొర కట్టేస్తుంది. దానికి మామూలు టంకం అతకదు. పాతకాలం ఇళ్ళలో అల్యూమినియం వైరింగు ఉన్నవారికి ఈ బాధ తెలుసు: కొన్నాళ్ళకు అతుకు వదులై, వేడెక్కి, స్విచ్చి నల్లబడుతుంది. మరి జుట్టుకన్నా సన్నని తీగెలను వేలకువేలు అతకడం ఎలా? ఉక్రెయిన్ దేశంలోని ఖార్కివ్ నగరంలో ఈ విద్య బాగా సాగింది. పాలిమైడ్ అనే పసుపుపచ్చ పల్చటి పొర మీద అల్యూమినియం గీతలు వేసి, మన చెవికి వినిపించనంత వేగంగా కంపించే మొనతో నొక్కి, ఆ తుప్పుపొరను చెదరగొట్టి అతికించడం. టంకం లేదు, మంట లేదు. 2008 నాటి ఆలిస్ పరికరంలో లోపలి పొరల్లో కొన్నిటికి ఈ ఖార్కివ్ పట్టీలు కబుర్లు మోశాయి. 2022 ఫిబ్రవరి నుంచి ఆ నగరం మీద బాంబులు పడ్డాయి. సృష్టి రహస్యం మోసే సన్నపట్టీ నేసిన ఊరికి తన గోడలను కాపాడుకోవడమే గండమైంది.

ఇంకో దారి కూడా ఉంది. అది వింటే మీకు నవ్వొస్తుంది. లోపల అల్యూమినియం, పైన పల్చని రాగి తొడుగు! సి. ఎం. ఎస్. అనే పరికరంలో 2017లో అమర్చిన లోపలి పొరలకు ఇలాంటి సన్నని జంటతీగెలు మెలిపెట్టి వాడారు. ఇలా చెయ్యడానికి లోతైన కారణముంది. విద్యుత్తు నెమ్మదిగా పారితే తీగె ఒళ్ళంతా పారుతుంది. వేగంగా ఊగేకొద్దీ లోపలి భాగం వదిలిపెట్టి పైచర్మం పట్టుకునే పోతుంది. 1880లలో ఇంగ్లండులో ఆలివర్ హెవిసైడ్ అనే ఏకాకి మేధావి తేల్చిన సంగతుల్లో ఇదొకటి. సెకనుకు 100 కోట్ల సార్లు ఊగితే రాగిలో అది దిగే లోతు మిల్లీమీటరులో 500వ వంతు! అంత కబురూ ఆ పూతలోనే పోతుంటే లోపల రాగి ఎందుకు, దండగ? పైన రాగి పారుదలకు, అతుక్కోవడానికి. లోపల అల్యూమినియం తేలికకు. జరీ చుట్టే కార్మికుడు ఎన్నడో కనిపెట్టిన ఉపాయానికి సెర్న్ కూడా నమస్కారం పెట్టింది.

తీగెకు తొడిగే చొక్కా కూడా ఆషామాషీ కాదు. మన ఇళ్ళ వైర్ల మీదుండే పీవీసీ అక్కడ నిషిద్ధం. నిప్పంటుకుంటే విషపు పొగ వస్తుందని. అంటుకోని పెనానికి పూసే టెఫ్లాన్ ఆ కిరణాల తాకిడికి పొడిబారి రాలిపోతుంది. పైన చెప్పిన పసుపుపచ్చ పాలిమైడ్ తట్టుకుంటుంది. మరి గాజుపోగుల మీద కాంతితో కబురు పంపేయచ్చు కదా అంటారేమో. పంపుతారు. కానీ విద్యుత్తును కాంతిగా మార్చే చిన్న యంత్రాలు నడిమధ్యన కిరణాల వేడిమికి నిలవలేవు. మొదటి కొద్ది మీటర్లూ తీగె మీద నడిచి రావలసిందే. తరవాత గాజుపోగు అందుకుంటుంది. పొలిమేర దాకా కాలినడక, అక్కడినుంచి బస్సు.

ఇక్కడ మనమొకటి ఆలోచించాలి. రాగిమీద వెండిపూత పూసి, ఆపైన బంగారు మెరుపు దిద్ది, అసలు జరీ పేరుతో అమ్మితే మనం మోసమంటాం. వెండి ధర పెరిగేకొద్దీ ఈ బాధ పెరిగింది. ప్లాస్టిక్ మెరుపు కూడా వచ్చిచేరింది. దాని దెబ్బ కొన్నవాళ్ళకే కాదు, నిజాయితీగా నేసినవాడికి ఇంకా ఎక్కువ. అతని చీరనూ అనుమానంగానే చూస్తాం కదా! అక్కడేమో లోపల చవక లోహం, పైన మంచి లోహం పెట్టి, అదే గొప్ప విద్య అంటున్నారు. తేడా ఎక్కడుంది? చెప్పడంలో ఉంది. ఏ పొర ఎంత మందం, ఏ లోహం ఎంత పాలు అన్నది వారు దాచరు. దాస్తే లెక్కే తప్పుతుంది. తక్కువ లోహం వాడడం తప్పు కాదు, తక్కువని చెప్పకపోవడం తప్పు. రాగి జరీ చీర రాగి ధరకు, రాగి పేరుతో అమ్మితే పేదింటి పిల్లకు పెళ్ళిచీర అవుతుంది. వెండి పేరుతో అమ్మితేనే అది మాయచీర.

కోలారు పరిశోధనలు 1990ల మొదట్లో ఆగిపోయాయి. 2001లో గనులే మూతపడ్డాయి. అంత లోతుకు దిగి వినగలిగిన చోటు మన దేశానికి మళ్ళీ దొరకలేదు. పనిపోయిన కార్మికుల పిల్లలు రోజూ తెల్లవారే రైలెక్కి బెంగుళూరు వెళ్ళి పనులు చేసుకున్నారు. గని నేర్పిన విద్య మాత్రం పోలేదు. ఆ టాటా సంస్థవారే తరవాత సి. ఎం. ఎస్. పరికరంలో భాగం తయారుచేశారు. 2012 జూలై 4న హిగ్స్ కణం దొరికిందని లోకానికి చెప్పినప్పుడు ఆ కబురు మోసినవారిలో వారూ ఉన్నారు.

ఇప్పుడు ఆలిస్ వారు ఇంకో అడుగు ముందుకు వేస్తున్నారు. సిలికాన్ రేకును అప్పడంలా పల్చగా చేసి, గొట్టంలా వంచి, కణాలు పోయే దారిలో తీగె అనేదే లేకుండా చెయ్యాలని. రేకే తన కబురు తాను అంచుదాకా తెచ్చి అప్పగిస్తుంది. సముద్రపు అడుగున లావుపాటి తాడుతో మొదలైన ప్రయాణం తీగె మాయం కావడం దాకా వచ్చింది. బరువు పెంచడమే మందనుకున్న రోజు నుంచి, అడ్డు తప్పుకోవడమే సేవ అని తెలుసుకున్న రోజుకు 150 ఏళ్ళు పైనే పట్టింది. ఇళ్ళల్లో ఒకరి మాట ఇంకొకరికి చేరవేసే మనబోటివాళ్ళం కూడా నేర్చుకోదగ్గ సంగతే. మాట మోయాలి, మన బరువు దానిమీద వేయకూడదు.